పాత ఆటకు ప్యాచ్ వేయండి, పద్ధతిగా

"గేమింగ్ కంపెనీలో చేరాలంటే ఏ కోర్సు చేయాలండీ?" నోయిడా సెక్టర్ 62లోనో, గురుగ్రామ్ సైబర్ సిటీలోనో సపోర్టు పనిలోనో మాన్యువల్ టెస్టింగ్‌లోనో రెండు మూడేళ్లు గడిపిన మన తెలుగు పిల్లలు నలుగురు కూడితే ఈ ప్రశ్న వచ్చి తీరుతుంది. లక్షలు పోసి డిప్లొమాలో చేరే ముందు ఒక పని చేసి చూడండి. మీ సొంత కంప్యూటర్‌లో ఒక పాత కన్సోల్ ఆటను నడిపించండి. అభిమానులు ఆ ఆటకు చేసిన మార్పును, అంటే ప్యాచ్‌ను, మీ చేతులతో ఎక్కించండి. వేసిన ప్రతి అడుగూ రాసిపెట్టుకోండి.

ఖర్చు నామమాత్రం. దొరికే చదువు మాత్రం గట్టిది. "నాకు ఆటలంటే ప్రాణం" అని రాసే దరఖాస్తులకు ఎక్కడా కొదవ లేదు. ఏ ఫైలు, ఏ వెర్షన్, ఎక్కడ మారింది, ఎందుకు చెడింది అని లెక్క చెప్పగలిగినవాళ్లే కరువు. ప్యాచ్ వేయడం ఆ లెక్కను అలవాటు చేస్తుంది. అయితే పద్ధతి తప్పితే ఇదే పని ఉన్న ఉద్యోగానికి ఎసరు పెడుతుంది. కాబట్టి ఎలా చేయాలో, ఎక్కడ ఆగాలో రెండూ చూద్దాం.

ఈ దారిన వెళ్లినవాళ్లు

అర్జెంటీనాకు చెందిన మిల్టన్ గ్వాస్తీ ఏళ్ల తరబడి తీరిక వేళల్లో పనిచేసి, నింటెండో గేమ్‌బాయ్ ఆట 'మెట్రాయిడ్ 2'ను కొత్తగా మలిచి 2016 ఆగస్టులో విడుదల చేశాడు. కొద్ది రోజుల్లోనే నింటెండో నోటీసులతో డౌన్‌లోడ్‌లు ఆగిపోయాయి. కానీ ఆ పనిని చూసి మూన్ స్టూడియోస్ అతన్ని లెవెల్ డిజైనర్‌గా తీసుకుంది. 2020లో వచ్చిన 'ఓరీ అండ్ ద విల్ ఆఫ్ ద విస్ప్స్'లో అతని పని ఉంది.

సెగా దారి వేరు. సోనిక్ అభిమానిగా మొదలైన క్రిస్టియన్ వైట్‌హెడ్, పాత సోనిక్ ఆటకు మార్పులు చేసే బృందంలో పేరు తెచ్చుకున్న సైమన్ థామ్లీ లాంటివాళ్ల చేతికే 2017 నాటి 'సోనిక్ మేనియా'ను అప్పగించింది. జపనీస్ ఆట 'మదర్ 3'ని 2008లో అభిమానులు ఇంగ్లిష్‌లోకి తెచ్చినప్పుడు ఆ బృందానికి ముందు నిలిచిన క్లైడ్ మాండెలిన్ వృత్తిరీత్యా అనువాదకుడు.

ఈ మూడు కథల్లో ఒక తేడా గమనించండి. ఒకే రకం పనికి ఒక కంపెనీ నోటీసు పంపింది, ఇంకో కంపెనీ పని ఇచ్చింది. హక్కుదారు ఇష్టం మీద నడిచే వ్యవహారం ఇది. నైపుణ్యం మీది, ఆట మాత్రం వాళ్లది. ఈ గీత దాటకుండా చేసిన పనే రెజ్యూమెకు ఎక్కుతుంది.

ఢిల్లీ ఎన్‌సీఆర్‌లో గేమింగ్ అంటే

ఇక్కడ ఉద్యోగ ప్రకటనల్లో 'గేమింగ్' అన్న ఒక్క మాట కింద రెండు వేరువేరు వ్యాపారాలు ఉండేవి. ఆటలు తయారుచేసేది ఒకటి, డబ్బు పెట్టి ఆడించేది ఇంకొకటి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం రెండోదాన్ని నిషేధించింది. ఆ దెబ్బకు దేశమంతటా చాలామంది ఉద్యోగాలు పోయాయి. ఇకమీదట నిలకడ కావాలంటే మొదటి వైపే చూడాలి.

ఆ వైపున ఎన్‌సీఆర్‌కు చరిత్ర లేకపోలేదు. గురుగ్రామ్‌లోని లక్ష్య డిజిటల్ 2004 నుంచీ విదేశీ స్టూడియోల ఆటలకు బొమ్మలు, పాత్రలు, పరిసరాలు చేసిపెడుతోంది. 2014లో దాన్ని ఐర్లండ్‌కు చెందిన కీవర్డ్స్ స్టూడియోస్ కొనుక్కుంది. నోయిడాలోని ఆక్ట్రో మొబైల్ ఆటలు చేస్తుంది. ఊరు మారడానికి సిద్ధమైతే హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్, బెంగళూరులో రాక్‌స్టార్, పుణెలో యూబీసాఫ్ట్ ఉన్నాయి. బయటి కంపెనీల కోసం పనిచేసే చోట అన్నిటికన్నా పెద్ద షరతు గోప్యత. ఇంకొకరి సొత్తును ముట్టుకునేటప్పుడు మీ చేయి ఎంత శుభ్రంగా ఉంటుందన్నది వాళ్లకు ముఖ్యం. మీ ప్యాచ్ పని దానికి సాక్ష్యం కావాలి, అనుమానానికి తావు కాకూడదు.

ముందు ఆఫీసు లాప్‌టాప్ మూసేయండి

వర్క్ ఫ్రమ్ హోమ్ రోజున ఎదురుగా కనిపించేది ఆఫీసు లాప్‌టాపే. దాని జోలికి పోకండి. చాలా కంపెనీల మెషిన్లలో ఏ ప్రోగ్రాం నడిచిందో, ఏ ఫైలు దిగిందో గమనించే ఏజెంట్ సాఫ్ట్‌వేర్ ఉంటుంది. అనుమతి లేని ఎమ్యులేటర్, అంటే పాత కన్సోల్‌లా నటిస్తూ ఆటను నడిపే ప్రోగ్రాం, అక్కడ అలర్ట్‌గా మోగుతుంది. కారణం ఆటే అయినా, ఫైల్లో పడేది మాత్రం సెక్యూరిటీ పాలసీ ఉల్లంఘన. ఆఫీసు వైఫై, ఆఫీసు మెయిల్ ఐడీతో తెరిచిన గిట్‌హబ్ ఖాతా, ఆఫీసు క్లౌడ్ ఫోల్డర్ కూడా ఇదే లెక్క.

రెండోది మీ అపాయింట్‌మెంట్ లెటర్. ఉద్యోగంలో ఉన్నంతకాలం మీరు చేసిన ఏ సృష్టిమీదైనా హక్కు కంపెనీదే అనే వాక్యం కొన్నిటిలో ఉంటుంది. సొంతంగా చేసిన ప్యాచ్‌ను బయట పెట్టాలనుకుంటే హెచ్‌ఆర్‌కు నాలుగు ముక్కల మెయిల్ రాయండి: "సొంత సమయంలో, సొంత కంప్యూటర్‌లో, డబ్బు తీసుకోకుండా చేసే అభ్యాసం ఇది, అభ్యంతరం ఉంటే చెప్పగలరు." జవాబు వస్తే దాచుకోండి. 2022లో విప్రో, రెండో ఉద్యోగం చేస్తున్నారంటూ 300 మందిని తొలగించిన సంగతి అందరికీ తెలిసిందే. మీది రెండో ఉద్యోగం కాదన్నది రాతలో ఉంటే నిశ్చింత. ప్యాచ్ పేరుతో విరాళాలు, నెలవారీ చందాలు తీసుకోవడం మొదలుపెడితే ఆ నిశ్చింత పోతుంది. హక్కుదారు కంట పడడమూ ఖాయం.

కంప్యూటర్ గురించి బెంగ వద్దు. 8 బిట్, 16 బిట్ కాలం నాటి ఆటలకు పాత ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్ చాలు. గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. నెహ్రూ ప్లేస్‌లో దొరికే సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ కూడా ఈ పని సునాయాసంగా లాగేస్తుంది.

అసలు ఆట ఎక్కడిది?

ప్యాచ్‌లో ఆట ఉండదు. ఆటలో ఎక్కడెక్కడ ఏం మార్చాలో మాత్రమే ఉంటుంది. దర్జీకి ఇచ్చే చీటీ లాంటిది: చొక్కా మీరే తేవాలి, ఏ కుట్టు విప్పాలో ఎక్కడ కొత్తది వేయాలో చీటీ చెబుతుంది. వేరే కొలత చొక్కాకు అదే చీటీ వాడితే బట్ట పాడవుతుంది.

ఆ 'చొక్కా' దగ్గరే ఢిల్లీలో చిక్కు. కనాట్ ప్లేస్ కింద పాలికా బజార్‌లో ఏళ్లుగా అమ్మిన ఆట సీడీల్లో నకళ్లే ఎక్కువ. అమెరికా వాణిజ్య ప్రతినిధి కార్యాలయం 2021 సంవత్సరానికి వెలువరించిన నకిలీ బజార్ల జాబితాలో పాలికా పేరు ఉంది. మన చిన్నప్పుడు విజయవాడలోనూ సికింద్రాబాద్‌లోనూ దొరికిన 'లిటిల్ మాస్టర్', 'మీడియా' వీడియో గేములూ, వాటితో వచ్చిన 'తొమ్మిది వేల ఆటలు ఒకే క్యాసెట్లో' సరుకూ ఆ కోవవే. ఆ క్యాసెట్‌ను ఇప్పుడు కాపీ చేసుకున్నా చట్టం ముందు అది మీ సొంత ప్రతి కాదు. పైగా అది సాంకేతికంగానూ పనికిరాదు. నకలు చేసినవాళ్లు చాలాసార్లు మొదటి తెరమీద కంపెనీ పేరు చెరిపేసి లోపలి బైట్లు మార్చేశారు. అసలు ఆటకు రాసిన ప్యాచ్ దానిమీద సరిగా కూర్చోదు. మెమరీ కార్డులో వేల ఆటలు నింపి అమ్మే చేతి కన్సోళ్లదీ ఇదే కథ.

భారతదేశపు కాపీరైట్ చట్టం, 1957లో 52వ సెక్షన్ కంప్యూటర్ ప్రోగ్రాం ప్రతిని చట్టబద్ధంగా పొందినవారికి కొన్ని మినహాయింపులు ఇస్తుంది: పోకుండా చెడకుండా బ్యాకప్ తీసుకోవచ్చు, ఎలా పనిచేస్తుందో గమనించవచ్చు, పరీక్షించవచ్చు. ప్యాచ్ వేసిన ఆటను నలుగురికి పంచడం ఆ మినహాయింపుల్లో లేదు. నకలు అని తెలిసి వాడడం 63బీ సెక్షన్ కింద నేరం. సంపాదన కోసం కానప్పుడు జైలు లేకుండా 50,000 రూపాయల లోపు జరిమానాతో సరిపెట్టే వెసులుబాటు కోర్టుకు ఉంది. హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో రక్షణ తాళాన్ని బద్దలుకొడితే 65ఏ కింద రెండేళ్ల దాకా జైలు. అందుకే తాళాలున్న కొత్త తరం కన్సోళ్ల జోలికి వెళ్లకండి. నింటెండో స్విచ్ కన్సోల్‌కు ఎమ్యులేటర్ అయిన యుజు తయారీదార్లు 2024 మార్చిలో నింటెండోకు 24 లక్షల డాలర్లు చెల్లించే ఒప్పందంతో దుకాణం కట్టేశారు.

మరి సరైన దారులేవి? మూడున్నాయి. మొదటిది, మీ దగ్గర అసలు కార్ట్రిడ్జ్ ఉంటే దాన్ని చదివే పరికరంతో ఫైలు తీసుకోవడం. గేమ్‌బాయ్ వర్గానికి జీబీ ఆపరేటర్, మిగతా చాలా కన్సోళ్లకు సన్ని కార్ట్రిడ్జ్ రీడర్ ఉన్నాయి. రెండోది, కంపెనీయే అమ్మిన ఫైలు. సెగా తన మెగాడ్రైవ్ ఆటల సంకలనాన్ని స్టీమ్‌లో అమ్ముతూ, 2016లో అభిమానుల మార్పులను కూడా అక్కడే పంచుకోనిచ్చింది. 2024 డిసెంబరులో దాని అమ్మకం ఆపేశారు గానీ, అంతకుముందు కొన్నవాళ్ల లైబ్రరీలో అది ఉంటుంది. ఒకసారి మీ పాత ఖాతా తెరిచి చూసుకోండి.

మూడోది అందరికీ అందే దారి. జీబీ స్టూడియో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో గేమ్‌బాయ్ మీద నడిచే బుల్లి ఆట మీరే చేయండి. దాన్ని కొంచెం మార్చి రెండో ఫైలు తీయండి. రెంటికీ తేడాగా ప్యాచ్ తయారుచేయండి. ఆటా మీదే, మార్పూ మీదే, ఏ ఇంటర్వ్యూలోనైనా తల ఎత్తుకుని చూపించవచ్చు.

అసలు పని

నాలుగు ఫోల్డర్లు పెట్టుకోండి: మూలం, ప్యాచ్‌లు, ఫలితం, లాగ్. మూలం ఫోల్డర్లోని ఫైలును రీడ్ ఓన్లీ చేయండి. దానిమీద నేరుగా ప్యాచ్ వేయకూడదు, ఎప్పుడూ దాని కాపీ మీదే.

తర్వాత మూలాన్ని పోల్చుకోవాలి. 7-జిప్ వేసుకుని ఉంటే ఫైలుమీద రైట్ క్లిక్ చేసి సీఆర్‌సీ-32, ఎస్‌హెచ్‌ఏ-1 సంఖ్యలు తీయవచ్చు. ఒక్క బైటు తేడా ఉన్నా ఆ సంఖ్య మారిపోతుంది. ప్యాచ్‌తో వచ్చే రీడ్‌మీ ఫైల్లో ఏ దేశపు వెర్షన్, ఎన్నో రివిజన్, ఏ సంఖ్య కావాలో రాసి ఉంటుంది. అమెరికా వెర్షన్‌కు రాసిన ప్యాచ్ యూరప్ వెర్షన్‌కు పనికిరాదు. రీడ్‌మీ పూర్తిగా చదవడమే ఈ పనిలో సగం.

ఇక ప్యాచ్‌ల రకాలు. పాతకాలపు ఐపీఎస్ ఫైలును ఏదైనా హెక్స్ ఎడిటర్‌లో తెరిచి చూడండి. మొదటి ఐదు బైట్లు 50 41 54 43 48 అని కనిపిస్తాయి. ఇంగ్లిష్‌లో 'ప్యాచ్' స్పెల్లింగే అది. తర్వాత మూడు బైట్లు ఎక్కడ రాయాలో చెప్పే చిరునామా, రెండు బైట్లు ఎంత పొడవు రాయాలో, ఆపైన రాయాల్సిన సరుకు. ఇలాంటి వరసలు ఒకదాని వెంట ఒకటి నడిచి, చివర 'ఈ, ఓ, ఎఫ్' అన్న మూడు అక్షరాలతో ముగుస్తాయి. అంతే.

ఈ చిన్న అమరికలోనే దాని పరిమితులన్నీ ఉన్నాయి. చిరునామాకు మూడే బైట్లు కాబట్టి 16 ఎంబీ దాటిన చోట రాయలేదు. గేమ్‌బాయ్ అడ్వాన్స్ ఆటలు 32 ఎంబీ దాకా ఉంటాయి కనుక వాటికి వేరే రూపం కావాల్సి వచ్చింది. ఇంకా ముఖ్యమైనది, ఐపీఎస్‌కు మూల ఫైలు సరైనదా కాదా అని చూసే ఏర్పాటు లేదు. మీరు ఏ ఫైలు ఇచ్చినా గుడ్డిగా రాసేస్తుంది. తర్వాత వచ్చిన బీపీఎస్‌లో మూలానిదీ, ఫలితానిదీ, ప్యాచ్‌దీ చెక్‌సమ్‌లు, అంటే పైన చెప్పిన సీఆర్‌సీ లాంటి పోలిక సంఖ్యలు, లోపలే ఉంటాయి. తప్పు ఫైలు ఇస్తే ఒప్పుకోదు. సీడీ ఆటల్లాంటి పెద్ద ఫైళ్లకు ఎక్స్‌డెల్టా వాడతారు. రెండు రకాలూ దొరికితే బీపీఎస్‌నే ఎంచుకోండి.

టెస్టింగ్‌లో ఉన్నవాళ్లకు ఒక చిక్కుముడి. ఐపీఎస్‌లో 45,42,278వ చిరునామాను మూడు బైట్లుగా రాస్తే అచ్చంగా 'ఈ, ఓ, ఎఫ్' అక్షరాలే వస్తాయి. ఆ చోట మార్పు ఉంటే, ఫైలు అయిపోయిందనుకుని ఆగిపోయే ప్యాచర్లు ఉండవచ్చు. సరిహద్దు కేసు అంటే ఏమిటని ఇంటర్వ్యూలో అడిగితే లాగిన్ పేజీ ఉదాహరణ కన్నా ఇది చెప్పండి.

ప్యాచ్ వేయడానికి ఫ్లోటింగ్ ఐపీఎస్ అనే చిన్న ఉచిత ప్రోగ్రాం చాలు. ప్యాచ్ ఎంచుకో, మూలం కాపీ ఎంచుకో, ఫలితానికి పేరు పెట్టు: మూడు క్లిక్కుల పని. చాలా ఎమ్యులేటర్లను ఒకే చోట నడిపే రెట్రోఆర్క్‌లో ఇంకో సౌకర్యం ఉంది. ఆట ఫైలుకూ ప్యాచ్‌కూ ఒకే పేరు పెట్టి ఒకే ఫోల్డర్లో ఉంచితే, ఆట తెరిచినప్పుడల్లా ప్యాచ్ తనే ఎక్కుతుంది, మూలం చెక్కుచెదరదు.

నడిపించడానికి నింటెండో 8, 16 బిట్ ఆటలకు మెసెన్, గేమ్‌బాయ్ వర్గానికి ఎంజీబీఏ, మెగాడ్రైవ్‌కు జెనెసిస్ ప్లస్ జీఎక్స్ మంచివి. మెసెన్‌లో ఆట నడుస్తుండగానే మెమరీ చూసే డీబగ్గర్ ఉంది. చదువుకునేవాళ్లకు అది పెద్ద ఆస్తి. పాతకాలపు జడ్‌స్నెస్ వాడకండి. కావాలని తయారుచేసిన ఆట ఫైలు ఒకటి దాని ద్వారా మీ కంప్యూటర్‌లో కోడ్ నడిపించగలదని 2015లోనే బయటపడింది. ఎమ్యులేటర్లను వాటి సొంత సైట్ల నుంచే దించుకోండి. ప్యాచ్ అని చెప్పి ఎక్జిక్యూటబుల్ ఫైలు ఇస్తే అనుమానించండి.

ఆడకపోతే

మొదటి తెర వచ్చి ఆపైన బొమ్మలన్నీ గజిబిజిగా మారితే, సూపర్ నింటెండో ఆటల్లో ముందుగా హెడర్ చూడండి. ఒకప్పటి కాపీయింగ్ పరికరాలు ఫైలు మొదట్లో 512 బైట్లు అదనంగా తగిలించేవి. 'సూపర్ మారియో వరల్డ్' అసలు పరిమాణం 5,24,288 బైట్లు. మీ ఫైలు 5,24,800 చూపిస్తే హెడర్ ఉన్నట్టే. హెడర్ లేని ఫైలుకు రాసిన ప్యాచ్‌ను దానిమీద వేస్తే ప్రతి మార్పూ 512 బైట్లు పక్కకు పడుతుంది. ఫైలు సైజును 1024తో భాగించండి. శేషం 512 వస్తే హెడర్ ఉంది, సున్నా వస్తే లేదు.

ఆట బాగానే ఉంది గానీ సేవ్ చేసింది కనిపించడం లేదా? సేవ్ ఫైలు పేరు ఆట ఫైలు పేరుతో సరిపోవాలి. ఫలితం ఫైలు పేరు మార్చి ఉంటే సేవ్ పేరు కూడా మార్చండి. ప్యాచ్ కొత్త వెర్షన్‌కు మారేముందు ఆట లోపలి సేవ్ పాయింట్ దగ్గర సేవ్ చేసుకోండి. ఎమ్యులేటర్ తీసే సేవ్ స్టేట్ ఆ క్షణపు మెమరీ మొత్తాన్ని దాస్తుంది కనుక, కోడ్ మారాక దాన్ని తెరిస్తే వింత తప్పులు పుడతాయి. అవి ప్యాచ్ తప్పులు కావు. వాటిని బగ్ అని రాసి పంపితే పరువు పోయేది మీదే.

తెలుగు పెట్టగలరా?

ఇక్కడే మనవాళ్లకు ఎవరూ గట్టిగా తొక్కని దారి ఉంది. గేమ్‌బాయ్ తెర వెడల్పు 160, ఎత్తు 144 చుక్కలు. దాన్ని 8 చుక్కల వెడల్పు, 8 చుక్కల ఎత్తున్న గళ్లుగా విడగొడతారు. ఒక గడిలో ఒక ఇంగ్లిష్ అక్షరం హాయిగా కూర్చుంటుంది. మన 'క్ష్మీ' కూర్చోదు. పైన గుడిదీర్ఘం, కింద ఒత్తులు, మధ్యలో తలకట్టు పోయిన అక్షరం, అన్నీ ఎనిమిది చుక్కల ఎత్తులో ఇరికిస్తే చదవలేం. పోనీ గళ్లు పెంచుదామంటే మెమరీలో ఒకసారికి 384 గళ్లకే చోటు. అందులో ఆట బొమ్మలకూ వాటా ఉంది. 36 హల్లులకు గుణింతాలు వేస్తేనే నాలుగు వందలు దాటతాయి. ఒత్తులు ఇంకా మొదలే కాలేదు.

పరిష్కారాలు లేకపోలేదు. ఒక అక్షరానికి నిలువునా రెండు గళ్లు ఇవ్వడం ఒకటి. తెరమీదికి వచ్చే వాక్యానికి కావలసిన రూపాలను అప్పటికప్పుడు గీసుకుని, పని అయ్యాక ఆ చోటు మళ్లీ వాడుకోవడం ఇంకొకటి. జపనీస్ ఆటలను ఇంగ్లిష్‌లోకి తెచ్చిన అభిమానులు అక్షరానికో వెడల్పు ఉండే ఫాంటు కోసం ఈ రెండో దారే తొక్కారు. మీరు జీబీ స్టూడియోలో చేసిన సొంత ఆటలో ఒక్క సంభాషణ పెట్టెను తెలుగులో చదవగలిగేలా చేసి చూపించండి. చిన్న తెర, తక్కువ మెమరీ, జటిలమైన లిపి అనే మూడు ఇబ్బందులను ఒకేసారి పరిష్కరించారన్నమాట. భారతీయ భాషల్లో ఆటలు తేవాలనుకునే ఏ స్టూడియోకైనా ఇది వెంటనే అర్థమయ్యే పనితనం.

రెజ్యూమెలో ఎలా చెప్పాలి?

"పాత ఆటలు మాడిఫై చేశాను" అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు, ఎదుటివారికి దొంగ ఆటలేమో అన్న సందేహం మాత్రం వస్తుంది. ఇలా రాయండి: "సొంతంగా తయారుచేసిన గేమ్‌బాయ్ ఆటకు తెలుగు సంభాషణలు చేర్చాను. మార్పులను బీపీఎస్ ప్యాచ్‌గా విడుదల చేశాను. రెండు ఎమ్యులేటర్లలో పరీక్షించి బగ్ లాగ్ జతచేశాను." ఇందులో ప్రతి మాటకూ ఇంటర్వ్యూలో ఒక ప్రశ్న పుడుతుంది, ప్రతి ప్రశ్నకూ మీ దగ్గర జవాబు ఉంటుంది.

టెస్టర్ ఉద్యోగానికైతే బగ్ రిపోర్టే మీ పోర్ట్‌ఫోలియో. నమూనా చూడండి: "ప్యాచ్ వెర్షన్ 1.2. మూలం సీఆర్‌సీ సరిపోయింది. మెసెన్‌లో, కొత్త సేవ్‌తో. మూడో దశలో తాళంచెవి తీసుకోకుండా తలుపు దగ్గరికి వెళ్లి వెనక్కి వస్తే తెర నల్లబడుతుంది. పదిసార్లలో పదిసార్లూ. తాళంచెవి తీసుకుంటే రావడం లేదు. ప్యాచ్ లేని మూలంలో రావడం లేదు." చివరి వాక్యమే దీనికి ప్రాణం. తప్పు ప్యాచ్‌దా, మొదటినుంచీ ఆటలోనే ఉందా అని తేల్చి చెప్పింది. అభిమానుల ప్యాచ్‌లలో ఇలాంటి తప్పులు కోకొల్లలు, తయారీదార్లు వాటిని తెలుసుకోవాలని ఎదురుచూస్తుంటారు. మర్యాదగా, పూర్తి వివరంతో రాసి పంపితే మీ పేరు క్రెడిట్స్‌లోకి ఎక్కే అవకాశం ఉంది.

లెవెల్ డిజైన్ ఆశ ఉన్నవాళ్లు 2000 నుంచీ ఉన్న లూనార్ మ్యాజిక్ ఎడిటర్‌తో మారియో దశలు గీసి నేర్చుకోవచ్చు, మూలం మీ సొంతమైతేనే. ప్రోగ్రామింగ్ ఆశ ఉన్నవాళ్లు చిన్న ఐపీఎస్ ప్యాచర్‌ను పైథాన్‌లో తామే రాసుకోవచ్చు. పైన చెప్పిన అమరిక తెలిస్తే అది ఒక్క ఆదివారం పని. బయట పెట్టేటప్పుడు మాత్రం ఒకటే నియమం: ప్యాచ్ పెట్టండి, ఆట ఫైలు ఎక్కడా పెట్టకండి. గిట్‌హబ్‌లోనూ వద్దు, డ్రైవ్ లింకుగానూ వద్దు, "అడిగితే పంపుతా" అని కూడా రాయకండి. వేరొకరి పని వాడుకుంటే వారి పేరు మీ పేరుకన్నా ముందు రాయండి.

ఒక్క ప్యాచ్ చూసి ఎవరూ ఆఫర్ లెటర్ చేతిలో పెట్టరు. కోర్సు ఫీజు కట్టాలా వద్దా అన్నది మాత్రం దీనితో తేలిపోతుంది. రీడ్‌మీ చదవడం, చెక్‌సమ్ చూడడం, లాగ్ రాయడం మీకు విసుగనిపిస్తే ఆటలు ఆడుకోండి, ఉన్న ఉద్యోగంలోనే పైకి రండి, అందులో చిన్నతనమేమీ లేదు. ఆ మూడూ చేస్తుంటే రాత్రి ఎంతయిందో తెలియకపోతే మీరు ఈ రంగానికి పనికొస్తారు. ఈ శనివారమే ఆ నాలుగు ఫోల్డర్లూ తెరవండి.